తీసేస్తే ఏమవుతుంది?

రెండు మోడళ్లకు సంబంధం కలపడం నేర్పడానికి జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్ ఎంచుకున్న ఉదాహరణ విలేకరి, వార్త. ఆ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది పత్రికాఫీసులోనే మరి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రిక వెబ్ విభాగం వాళ్లు తమ అవసరానికి రాసుకున్నదాన్ని 2005లో అందరికీ విడుదల చేశారు.

ఆ ఉదాహరణలో వార్త మోడల్లో విలేకరికి ఒక ఫారిన్ కీ, దాని పక్కనే ఆన్ డిలీట్‌కు కాస్కేడ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లకు అది చాలు. నిజమైన పత్రికకు అలాగే రాస్తే, ఉద్యోగం మానేసిన విలేకరి రికార్డు తీసేయగానే అతను రాసిన వార్తలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ప్రొటెక్ట్ అని రాస్తే, ఒక్క వార్త ఉన్నా జాంగో ఆ రికార్డును తీయనివ్వదు. పత్రికకు కావలసింది ఇదే. మానేసినవాళ్లకు యాక్టివ్ గుర్తు తీసేస్తే సరిపోతుంది. యూజర్ ఖాతాల విషయంలో డాక్యుమెంటేషన్ ఇచ్చే సలహా కూడా అదే.

2017 చివర్లో వచ్చిన 2.0 వెర్షన్ దాకా ఆన్ డిలీట్ రాయకపోయినా నడిచేది, జాంగో దాన్ని కాస్కేడ్ కిందే లెక్కగట్టేది. ఇప్పుడు రాయకపోతే కోడే నడవదు. జాంగో తీసుకున్న మంచి నిర్ణయాల్లో దీన్ని ముందు వరసలో పెడతాను. సంబంధం కలిపేటప్పుడే అది తెగే రోజు గురించి ఆలోచించక తప్పదు.

ఒకే వార్తను ఇద్దరు రాస్తే మెనీ టు మెనీ కావాలి. సొంత ఐడీ, ఆ రెంటి ఐడీలు మాత్రమే ఉండే మూడో టేబుల్‌ను జాంగోయే తయారుచేస్తుంది. కానీ బైలైన్‌లో ఎవరి పేరు ముందు రావాలి? ఆ వరస విలేకరిదీ కాదు, వార్తదీ కాదు, ఆ రెంటి మధ్య సంబంధానిది. అందుకే త్రూ అని చెప్పి బైలైన్‌కు సొంత మోడల్ రాసి, అందులో వరస సంఖ్య పెట్టాలి. ఇలా మధ్యలో ఉండే మోడల్ దగ్గర బద్ధకించకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇవేవీ ప్రోగ్రామర్ ఒంటరిగా తేల్చేవి కావు, డెస్క్‌లో కూర్చుని అడగాల్సినవి. వార్త తీసేస్తే కింద పాఠకుల వ్యాఖ్యలు పోయినా ఫర్వాలేదంటారు, అక్కడ కాస్కేడ్ చక్కగా సరిపోతుంది. అదే ఫొటో గురించి అడగండి, ఒప్పుకోరు. ఆ ఫొటో రేపు ఇంకో వార్తకు కావాలి. కాబట్టి ఫొటో మోడల్లో వార్తకు ఉన్న ఫారిన్ కీకి సెట్ నల్ పెట్టి, ఆ కాలమ్‌ను ఖాళీగా ఉండనివ్వాలి.