రంగుల డబ్బా ఎవరు కొనిచ్చిండ్రు?

చిత్రకారుల మీద తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒక్క తీరుగనే మొదలైతయి. పిల్లగాడు చిన్నప్పుడే బొగ్గుముక్క తీసుకొని ఇంటి గోడల మీద బొమ్మలు గీసిండు. బడిపంతులు చూసి మెచ్చుకున్నడు. గురువు దొరికిండు, పట్నం పోయిండు, పేరొచ్చింది. బొగ్గుముక్కకూ పేరుకూ నడుమ ఇరవై ఏండ్లు ఎవరి తిండి తిన్నడో, రంగులు ఎవరు కొన్నరో ఆ వ్యాసంలో ఉండదు. మా మాదిగ గూడెంలో కూడా బొగ్గుతో గోడలు ఖరాబు చేసి తల్లుల చేత దెబ్బలు తిన్న పిల్లలు చానామందే ఉన్నరు. వాళ్ల మీద ఎవరూ వ్యాసాలు రాయలేదు. అందుకే ఈ బొగ్గుముక్క కథ మీద నాకు నమ్మకం లేదు.

నమ్మకం లేకున్నా ఆ వ్యాసాలన్నీ కొనుక్కొని చదివిన. కోఠీలో, సుల్తాన్ బజార్ మొగదల, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, అట్టలు చినిగిన పాత పత్రికలు, ఎగ్జిబిషన్ కేటలాగులు చవకగ దొరికేటివి. అశోక్‌నగర్‌లో ఒక్క గదిలో నలుగురం ఉండేటోళ్లం. తక్కిన ముగ్గురూ గ్రూప్స్‌కు చదివేటోళ్లు. పొద్దుగాల్నే లేచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకునేటోళ్లు. వాళ్ల వెనక నేను. "తమ్మీ, బొమ్మలేస్తే నౌకరొస్తదారా?" అని అడిగేటోళ్లు. ఎగతాళికి అడిగింది కాదు. మా ఇండ్లల్ల ఒక్కడు పట్నంల చదువుతుంటే పదిమంది కండ్లు వాని మీదుంటయి. అవ్వ నాట్లేసిన కూలిపైసల్ల కొన్ని నా గది కిరాయికి వచ్చేటివి. డ్రాయింగ్ హయ్యర్ పాసై టీటీసీ చేస్తే బడిల డ్రాయింగ్ మాస్టర్ పోస్టు దొరుకుతదన్న, వాళ్లతోని. అంతకు మించిన జవాబు కోసమే కళాకారుల బతుకులు వెతుక్కున్న. ప్రేరణ అని పెద్దమాట అంటరు దాన్ని. నేను వెతికింది లెక్క.

ఆ లెక్క చూస్తే ఏం కనబడ్డది? కొండపల్లి శేషగిరిరావు (1924–2012) వరంగల్ ప్రాంతపు పెనుగొండల పుట్టిండు. మెహదీ నవాజ్ జంగ్ ఆదరణ దొరికింది. శాంతినికేతన్ పోయి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నడు, తిరిగొచ్చి హైదరాబాద్‌ల చిత్రకళ బోధించిండు. పి.టి. రెడ్డి (1915–1996) కరీంనగర్ జిల్లా అన్నారం నుంచి బొంబాయి జె.జె. స్కూల్‌కు పోయిండు. ఆయన ఇల్లు 'సుధర్మ' మా గదికి నడిచిపోయేటంత దూరంల, నారాయణగూడలనే. ఆ గేటు ముంగట నుంచి ఎన్నిసార్లు పోయిన్నో. లక్ష్మాగౌడ్ 1940ల మెదక్ జిల్లా నిజాంపూర్‌ల పుట్టి బరోడా చేరిండు. 1942ల బూరుగుపల్లిల పుట్టిన తోట వైకుంఠం ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్ మీద బరోడాకే పోయి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివిండు. వాళ్ల చేతిపనిని తక్కువ చేసి మాట్లాడుతలేను. ఒక నవాబో ఒక అకాడమీనో నడుమ లేకుంటే ఆ చెయ్యి ఊర్లనే ఉండిపోవును అంటున్న. వ్యాసాలల్ల ఈ సంగతి ఒక్క వాక్యంల అయిపోతది. ఆ ఒక్క వాక్యం దగ్గరనే నేను గంటసేపు ఆగేటోన్ని.

మా గూడేనికి నవాబు రాలేదు. మాకు ఎస్సీ స్కాలర్‌షిప్ వచ్చింది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944ల మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌ల ఉన్న కాలంల. నా మొదటి ఆయిల్ రంగులు దాంతోనే కొన్న. అది ఎప్పుడొస్తదో తెలువది. వచ్చేదాక పోస్టర్ కలర్ల నీళ్లు ఎక్కువ కలుపుకొని గీసుడే. నా బొమ్మలల్ల రంగు పలుచగ ఉంటదని, అది నా 'శైలి' అని ఒకాయన మెచ్చుకున్నడు కూడా!

ఇగ బొమ్మల సంగతి. వైకుంఠం బొమ్మలల్ల ఆడోళ్లను తెలంగాణ పల్లె అంటే వీళ్లే అన్నట్టు దేశమంత గుర్తుపడుతది. నల్లటి ఒళ్లు, పెద్ద కుంకుమబొట్టు, ఎర్ర చీర, మెడనిండ నగలు, చేతిమీద చిలుక. నలుపును అందంగ నిలబెట్టిండు, అది చిన్న పని కాదు. మా అక్క రంగు మనిషి ఖరీదైన గ్యాలరీ గోడకెక్కింది. అయితే ఆ ఆడోళ్లు పనిచేస్తుంటే నాకు చాలా అరుదుగనే కనబడ్డరు. ఆ చీర ఎన్నడూ మోకాళ్లకు ఎగకట్టరు. ఆ పాదాలకు బురద లేదు.

అదే వైకుంఠం బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకుడు. 1988 సినిమా. కళాదర్శకత్వానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది, దాసి పాత్ర చేసిన అర్చనకూ వచ్చింది. అందుల గడి ఉన్నది. గడిల చీకటి అర్రలు, రాతి వాకిలి, ఇత్తడి గంగాళాలు, పెద్ద తలుపులు ఉన్నయి. పెండ్లికూతురు వెంట అరణంగ వచ్చిన ఆడమనిషి ఆ తలుపుల నడుమ పొద్దుమాపు తిరుగుతుంటది. నీళ్లు మోస్తది, పిలిస్తే ఉరుకుతది, దొర కండ్లల్ల పడుతది. సినిమా అయిపోయినంక నాకు సామాన్లు యాదికున్నయి. ఎందుకంటే ప్రతి సామాను మీద ఎవరో ఒకరి చెమట కనబడుతది. గడిని ఇంత తెలిసిన కన్ను క్యాన్వాసు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వాకిట్ల ముగ్గు దగ్గరనే ఆగిపోయింది? కొనేటోడు డ్రాయింగ్‌రూముల దాసిని పెట్టుకోడు. ఇది వైకుంఠం ఒక్కరి సంగతి కాదు, బొమ్మల బజారు నడిచే తీరే అది. చెప్పులు కుట్టే నాయిన చేతులు గీసి ఒక గ్యాలరీకి తీసుకపోతే, "రిపోర్టు లెక్క ఉన్నది, సౌందర్యం తక్కువైంది" అన్నడు అక్కడి పెద్దమనిషి. నాగపూర్ చిత్రకారుడు సవి సావర్కర్ మెడకు ముంత, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని గీసిండు. ఆ బొమ్మలు చూసినంకనే నాకు ధైర్యమొచ్చింది. అందం మాటే ఎత్తకుండ గీసిండు ఆయన.

నాకు చెయ్యి తిరిగింది మాత్రం సైన్‌బోర్డుల కాడ. సుల్తాన్ బజార్ బట్టల దుకాణాలకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు ఒక్క రేకు మీద ఇరికియ్యాలె. మా మేస్త్రీ ముసలాయన, ఉర్దూ చదవరాదు, కానీ చూసి రాస్తే ముత్యాలే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సుదర్శన్, దేవి, సంధ్య, ఓడియన్ టాకీసుల ముందటి కటౌట్లు చూపిచ్చి పాఠం చెప్పేటోడు. చిన్న ఫొటో మీద గళ్లు కొట్టాలె, గుడ్డ మీద పెద్ద గళ్లు కొట్టాలె, ఒక్కొక్క గడినే ఎక్కించాలె. దగ్గరికి పోతే అంత రంగుల మడ్డి, రోడ్డవతల నుంచి చూస్తే హీరో కన్ను. "బస్సుల పోయేటోనికి కనబడాలె పిల్లగా" అనేటోడు. దూరం నుంచి చూసే మనిషిని లెక్కల పెట్టుకొని గీసుడు నాకు ఆయనే నేర్పిండు.

ఎం.ఎఫ్. హుసేన్ (1915–2011) కూడా బొంబాయిల సినిమా హోర్డింగులు గీసి బతికిండు. ఆయన జీవితకథల అది పురాణం లెక్క చెప్పుకుంటరు. మా మేస్త్రీ బతుకంత అదే చేసిండు. ఆయనను 'పెయింటర్' అన్నరు, ఆర్టిస్ట్ అనలేదు. 2000 దాటినంక ఫ్లెక్సీలొచ్చి ఆ కూలి కూడ పోయింది.

మరి మన కులాలకు బొమ్మ కొత్తనా? డక్కలోళ్లు జాంబపురాణం పటం పట్టుకొని మాదిగ వాడలకే వచ్చేటోళ్లు. పటం గీసేది నకాషీలు, కథ చెప్పేది డక్కలోళ్లు, గింజలు పెట్టి చెప్పించుకునేది మాదిగోళ్లు. చేర్యాల పటాల మీద రాసేటోళ్లు నకాషీల రంగుల గురించి పేజీలు పేజీలు రాస్తరు. ఆ పటాన్ని బతికించిన గింజలు ఎవరివో సరిగ చెప్పరు. శేషగిరిరావుకు నవాబు ఎంతనో ఆ పటానికి మా తాత అంత. చిత్రకళను పోషించిన కులం మాది అని కళాచరిత్రల రాయాలె.

ఇంకొకటి. భాగ్యరెడ్డివర్మ 1910ల ఇసామియా బజార్‌ల, లింగంపల్లిల మన పిల్లలకు బడులు పెట్టిండు. ఇసామియా బజార్ సుల్తాన్ బజార్‌కు కూతవేటు దూరమే. 1925ల ఆది హిందువుల సభ జరిగినప్పుడు అంటరానోళ్లు చేసిన బొమ్మలు, శిల్పాలు, చేతిపనులతోని హైదరాబాద్‌ల ప్రదర్శన పెట్టిండ్రని దళిత ఉద్యమ చరిత్రల చదివిన. చదివినప్పుడు కుర్చీల కూసోబుద్ధి కాలేదు. బొంబాయిల పి.టి. రెడ్డి తోటోళ్లు బృందం కట్టింది 1941ల. దానికి పదహారేండ్ల ముందే మనోళ్లు బొమ్మను రాజకీయంగ నిలబెట్టిండ్రు. నేను కొన్న కేటలాగులు ఒక్కటి కూడా ఈ ముచ్చట ఎత్తలేదు.

ఇదంత అమెరికాల ఇంకో తీరుగ జరిగింది. నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ (1917–2000) హార్లెంల వాడకట్టు వర్క్‌షాపులల్ల నేర్చుకున్నడు. ఆర్థిక మాంద్యంల అక్కడి సర్కారు చిత్రకారులకు వారం వారం జీతమిచ్చి బొమ్మలు గీయించింది. ఆయనకూ ఆ జీతం దొరికింది. తర్వాత ఫెలోషిప్ వస్తే, దక్షిణం నుంచి ఉత్తరానికి వలస వచ్చిన తన జనం కథను 1940–41ల 60 బొమ్మలుగ గీసిండు. గీసే ముందట హార్లెం లైబ్రరీల కూసోని చదివిండు, చిక్కడపల్లిల మనం కూసున్నట్టే. జీతం, ఫెలోషిప్, లైబ్రరీ, ఈ మూడూ ఆయన జీవితకథల ఎవరూ దాచిపెట్టలేదు. ఆ కథను నేను నమ్మిన.

ఇప్పుడు మా జిల్లాల ఏప్రిల్ 14కు ముందు బొమ్మలేసే పిల్లలు నా దగ్గరికొస్తరు. చానామందికి మొదటి బయానా అంబేద్కర్ బొమ్మకే దొరుకుతది. నీలి కోటు, కళ్లద్దాలు, చేతిల పుస్తకం. గోడ ఎవరిది, రంగు పైసలు ఎవరు జమచేసిండ్రు, ఎన్ని రోజుల కూలి పోయింది, అన్నీ నోటుబుక్కుల రాసుకొమ్మంట. పోయినేడు ఒక ఆడపిల్ల తన బుక్కు తెచ్చి చూపెట్టింది. మొదటి పేజీల వాడకట్టు అక్కలు ఇచ్చిన పదులు, ఇరవైలు, పేర్లతోని సహా రాసి ఉన్నయి. గోడ కింద సంతకం పక్కన ఆ పేర్లు కూడా రాస్తనన్నది. జాగ సరిపోక అక్షరాలు చిన్నగ చేసింది, అయినా రాసింది.