బోధన నాణ్యత కొలమానాలు – విమర్శనాత్మక పరిశీలన

1994లో ఏర్పడిన న్యాక్ కళాశాలలను పలు ప్రమాణాలతో మదింపు చేస్తుంది. అధ్యాపకుల అర్హతలు, విద్యార్థి-అధ్యాపక నిష్పత్తి, ఉత్తీర్ణతా శాతం వంటివి అందులో లెక్కకు వస్తాయి. ఇవి అవసరమే. అయితే ఉత్తీర్ణతా శాతం విద్యార్థి ఎక్కడికి చేరాడో చెబుతుంది, ఎక్కడ మొదలయ్యాడో చెప్పదు.

కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలను గమనించండి. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ, తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిషు పాఠాలు అందుకొనే తండా విద్యార్థిని అత్తెసరు మార్కులతో గట్టెక్కినా, ఆమె వెనుక అధ్యాపకుని శ్రమ ఎక్కువే. పట్టణంలో ఇంగ్లిషు మాధ్యమంలో చదువుకొని వచ్చినవారికి మంచి మార్కులు రావడం బోధన వల్లనేనని చెప్పలేం.

కాబట్టి ప్రవేశ సమయంలోనూ, సంవత్సరాంతంలోనూ విద్యార్థి స్థాయిని పరీక్షించి, ఆ తేడాను కూడా లెక్కించాలి. లేకపోతే కష్టమైన చోట పాఠం చెప్పేవారే తక్కువ గ్రేడు పొందుతారు.