కుంచె కొసన అక్టోబర్ 12

ఎన్ని మార్లు కూల్చావయ్యా ఆ ఊరిని, ఎగ్బర్ట్ వాన్ డెర్ పూల్! ఒక్క ఉదయం కూలిన డెల్ఫ్ట్ అనే డచ్చి పట్టణాన్ని ఇరవై దాకా బొమ్మల్లో మళ్ళీ మళ్ళీ కూల్చావే! కప్పులెగిరిన ఇళ్ళు, కొమ్మలు రాలిన మోడులు, పొగ కమ్మిన ఆకాశం, ఆ పొగ వెనక గాయాలతో నిలిచిన రెండు చర్చిల శిఖరాలు... అవే, మళ్ళీ అవే. ఏ కన్నీళ్ళలో నానబెట్టావు ఆ బూడిద రంగును? ఏ కునుకెరుగని రాత్రి నీ చేతికి ఆ కుంచెను కట్టేసింది?

1654 అక్టోబర్ 12, సోమవారం. ఒకప్పుడు సన్యాసినులు మోకరిల్లి ప్రార్థించిన మఠం, ఆనాటికి తుపాకిమందు కొట్టు. ఊరి ప్రాకారం లోపలే, పసిపిల్లలు ఆడుకునే వీధుల పక్కనే, సుమారు 30 టన్నుల తుపాకిమందు పీపాల్లో నిద్రపోతోంది. స్పెయిన్‌తో యుద్ధం ముగిసి ఆరేళ్ళయినా దాన్ని ఊరవతలికి తరలించలేదు. ఆ పొద్దున కొట్టు బాధ్యత చూసే కార్నెలిస్ సూటెన్స్ మచ్చుకు కాస్త మందు తీయాలని తలుపు తెరిచాడు.

అంతే. నేల నోరు తెరిచింది. ఆ మోత టెక్సెల్ దీవి దాకా వినిపించిందంటారు. వీధులకు వీధులే మట్టిదిబ్బలయ్యాయి. చర్చిల రంగుటద్దాలు పొడిపొడిగా రాలాయి. వందమందికి పైగా కన్నుమూశారు, వేలమంది నెత్తురోడారు. చాలామంది స్కీడమ్ సంతకో, హేగ్ తిరునాళ్ళకో వెళ్ళి ఉండబట్టి బతికారు. సాయంత్రం ఇంటిదారి పట్టినవాళ్ళకు ఇల్లు లేదు, దారీ లేదు.

తుపాకిమందులో గంధకం కన్నా, బొగ్గు కన్నా ఎక్కువ పాలు సూరేకారం. ఆ కాలంలో డచ్చివాళ్ళ ఓడలు సూరేకారాన్ని మన దేశం నుంచి కూడా, బెంగాల్ నుంచీ కోరమాండల్ తీరం నుంచీ నింపుకుపోయేవి. ఆ ఓడల వ్యాపారంలో డెల్ఫ్ట్ షావుకార్లకూ వాటా ఉంది. మన మట్టిలో పుట్టిన ఉప్పు కూడా ఆ పీపాల్లో ఉందేమోనన్న ఊహ రాగానే, ఆ దూరపు ఊరి శోకం నా గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది.

పేలుడు జరిగిన రెండు రోజులకు డెల్ఫ్ట్‌లో ఒక బిడ్డను మట్టిలో కలిపారు. ఎగ్బర్ట్ బిడ్డ! ఆ పేలుడులోనే పోయిందని చాలామంది నమ్మకం. తర్వాత అతను రాటర్‌డామ్ చేరాడు, చీకటి రాత్రుల్లో తగలబడే ఇళ్ళ చిత్రాలకు పేరుపడ్డాడు. డెల్ఫ్ట్ బొమ్మను మాత్రం వదలలేకపోయాడు. ఏ ఏట గీసినా ఆ బొమ్మల్లో చాలావాటి మీద అదే తేదీ: 1654 అక్టోబర్ 12. కాలెండర్ కదిలింది, అతను కదలలేదు. కొనేవాళ్ళున్నారు గనక గీశాడని కొందరంటారు. కొన్నారు, నిజమే. కడుపుకోతకు బేరం దొరికినంత మాత్రాన కోత మానుతుందా? లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న బొమ్మ ఇంచుమించు మూరెడే ఉంటుంది. అందులో క్షతగాత్రుల మీదికి వంగినవాళ్ళున్నారు, ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్ళున్నారు. అతని బిడ్డ ఎక్కడా లేదు. అందుకే కాబోలు, ప్రతి బొమ్మలోనూ ఆ శిథిలాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వెతికాడు.

ఆ ఉదయమే కారెల్ ఫాబ్రిటియస్ అనే ముప్పైరెండేళ్ళ వెలుగు ఆరిపోయింది. రెంబ్రాంట్ శిష్యుడు. పాత చర్చి సేవకుడి రూపచిత్రం గీస్తుండగా ఇల్లు మీద పడింది. చిత్రాలూ చాలావరకు అతనితోనే పోయాయంటారు. ఇవాళ లోకంలో మిగిలినవి పన్నెండు, పదమూడు. అదే ఏట గీసిన, కాలికి గొలుసున్న పిట్ట బొమ్మ హేగ్‌లోని మారిట్స్‌హాయిస్‌లో ఉంది. ఎగిరిపోలేని ఆ పసుపు రెక్క పిట్టకు ఇప్పుడు లెక్కకందని నకళ్ళు. మరి మంటలో మసైనవాటికి? ఏ చేయీ తిరిగి గీయలేని ఆ చిత్రాల కోసం ఏ భాషలో ఏడవాలి?

నీళ్ళ విలయాన్ని పట్టుకున్న చేయి వేరు. 1651 మార్చి 5 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ పక్కన సెయింట్ ఆంథొనీ కట్ట తెగితే, వంకర తిరిగిన వేళ్ళ వల్ల ‘బుల్లి ఎండ్రకాయ’ అని పిలిపించుకున్న యాన్ ఆసెలైన్ ఆ గండిని గీశాడు. మరుసటి ఏడే వెళ్ళిపోయాడు.

ఈ విలయాలన్నీ ఇప్పుడు చేతితో వేసిన నకళ్ళుగా అమ్ముడవుతున్నాయి. కొలత చెప్పి, సొమ్ము కడితే చాలు. చైనాలోని షెన్‌జెన్ శివార్లలో దాఫెన్ అనే ఊళ్ళో 1989 నుంచి పెరిగిన పెద్ద చిత్రకార వాడ ఉంది. అక్కడి కొన్ని పనిశాలల్లో ఒకరు ఆకాశం వేస్తే, ఇంకొకరు ఇళ్ళు వేస్తారు, మరొకరు మనుషుల్ని దిద్దుతారు. కూలి బొమ్మకింత అని లెక్క. నకలును చిన్నచూపు చూడడం నాకు చేతకాదు. డెల్ఫ్ట్ చిత్రానికి మొదటి నకలుదారు ఆ కన్నతండ్రి ఎగ్బర్టే కదా! అచ్చుయంత్రం క్షణంలో ఉమ్మేసే బొమ్మలో ఎవరి మణికట్టూ నొప్పెట్టదు. చేతి నకలులో అలా కాదు. కూలిన ప్రతి గోడనూ ఎవరో ఒకరు మళ్ళీ కూల్చాలి, గాయపడ్డ ప్రతి మనిషినీ మళ్ళీ నేల మీద పడుకోబెట్టాలి. నా గుండె మండేది వేరే చోట. సోఫా రంగుకు నప్పేలా పొగను పలచన చేయమనే కొనుగోలుదారును తలచుకున్నప్పుడు. ఖాళీ గోడ నిండాలని మూరెడు దుఃఖాన్ని నిలువెత్తు అలంకారంగా సాగదీసినప్పుడు. మూలనున్న సన్నని తేదీ అక్షరాలు అడ్డమని చెరిపేసినప్పుడు.

పేరు తెలియని దూరపు చిత్రకారుడా, నీ కూలి ఎంతో, నీకిచ్చిన గడువు ఎంతో నాకు తెలియదు. ఆకాశం తొందరగా ముగించు, మోడులను నాలుగు గీతల్లో దాటిపో, ఎవరూ తప్పుపట్టరు. ముందువరసలో వంగి ఉన్న ఆ చిన్న మనుషుల దగ్గర మాత్రం కాస్త నిలబడు. తేదీని వదలకు తమ్ముడా. 1654, అక్టోబర్, 12. అంకెలన్నీ వెయ్యి.