‘చేస్తాను’ ఏ కాలం? – విద్యా పరిశోధనలో కాలదృష్టి గురించి ఒక పరిశీలన

విద్యార్థుల అభ్యసనాన్ని గురించిన పరిశోధనలలో ‘కాలదృష్టి’ అనే భావనకు నేడు మంచి ప్రాచుర్యం ఉంది. మనిషి తన గతాన్నీ వర్తమానాన్నీ భవిష్యత్తునూ ఏ విధంగా భావిస్తాడు, వాటిలో దేనికి ఎక్కువ బరువిస్తాడు, ఆ బరువు అతని నేటి నడవడిని ఎట్లా నడిపిస్తుంది – స్థూలంగా ఇదీ కాలదృష్టి. భవిష్యత్తును దూరందాకా చూడగల విద్యార్థి ఇవాళ్టి పాఠాన్ని శ్రద్ధగా చదువుతాడనీ, చూడలేనివాడు వెనకబడతాడనీ ఈ పరిశోధనల సారాంశంగా తరచు చెప్తారు. ఆంగ్లంలో తయారైన ప్రశ్నావళిని దేశభాషలోకి మార్చి, బడిపిల్లలకు పంచి, వచ్చిన అంకెలనుబట్టి తీర్మానాలు చేయడం ఒక పద్ధతిగా స్థిరపడింది.

ఈ పద్ధతిని గురించి మా అభిప్రాయం ఇది. కాలదృష్టి విద్యార్థి తలలో మాత్రమే ఉండే గుణం కాదు. కొంత అతని భాషలో ఉంటుంది. కొంత అతనికి మాట ఇచ్చిన మనుషులలోనూ సంస్థలలోనూ ఉంటుంది. ఈ రెండింటినీ పక్కనబెట్టి విద్యార్థిని మాత్రమే కొలిస్తే వచ్చే అంకె అతన్ని గురించి చెప్పేది తక్కువ, అతనికి తగిలించే ముద్ర ఎక్కువ. తెలుగునేలకు వెలుపల, రెండు మూడు భాషల మధ్య చదువుకుంటున్న మన విద్యార్థుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

భావన పుట్టుక

మనస్తత్వ శాస్త్రంలో ఈ భావనకు స్థిరమైన రూపం ఇచ్చినవాడు కుర్ట్ లెవిన్. ఒకానొక క్షణంలో మనిషి తన గతాన్ని గురించీ భవిష్యత్తును గురించీ కలిగి ఉండే భావాల మొత్తమే కాలదృష్టి అని ఆయన నిర్వచించాడు. తరువాత బెల్జియంలోని లూవెన్‌లో జోసెఫ్ నుట్టెన్, విల్లీ లెన్స్ ఈ భావనను ప్రేరణ సిద్ధాంతంతో ముడిపెట్టారు. 1982లో డి వోల్డర్, లెన్స్ ప్రకటించిన అధ్యయనం ప్రకారం, చదువులో ముందున్న విద్యార్థులు దూరపు లక్ష్యాలకు ఎక్కువ విలువ ఇచ్చారు. ఇవాళ్టి చదువు ఆ లక్ష్యాలకు సాధనమని ఎక్కువగా భావించారు. 1999లో ఫిలిప్ జింబార్డో, జాన్ బాయ్డ్ 56 వాక్యాల ప్రశ్నావళిని ప్రకటించారు. చేదు గతం, తీపి గతం, సుఖాన్వేషక వర్తమానం, విధివాద వర్తమానం, భవిష్యత్తు అని అందులో అయిదు పాళ్లు. అనేక భాషలలోకి అనువాదమై ప్రపంచమంతటా తిరిగింది ఈ ప్రశ్నావళే.

ఈ కృషి విలువను మేము తక్కువ చేయడం లేదు. నేటి శ్రమకూ రేపటి ఫలానికీ మధ్య ఉన్న దారి విద్యార్థికి కనిపించాలన్న మాట నిజం. ఆ దారి అతనికి కనిపిస్తున్నదో లేదో తెలుసుకునే సాధనాల దగ్గరే చిక్కు వస్తుంది.

కథను కొలిచిన కొలబద్ద

ఈ చిక్కు కొత్తది కాదు. 1952లో లారెన్స్ లెషాన్ అనే అమెరికన్ పరిశోధకుడు పిల్లల చేత కథలు చెప్పించి, ఆ కథలలో గడిచే కాలాన్ని లెక్కపెట్టాడు. పేద కుటుంబాల పిల్లల కథలలో గడిచే కాలం తక్కువనీ, మధ్యతరగతి పిల్లల కథలలో ఎక్కువనీ తేల్చాడు. పేదల కాలదృష్టి పొట్టిదన్న భావానికి ఈ వ్యాసం చాలాకాలం ఆధారంగా నిలిచింది.

ఇప్పుడు మన ఏడు చేపల కథను ఈ కొలబద్ద కింద పెట్టి చూద్దాం. రాజకుమారులు వేటకు పోయి చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. అందులో గడిచే కాలం ఒకటి రెండు రోజులకు మించదు. కాని చేప ఎండకపోవడానికి గడ్డిమేటు, గడ్డిమేటు అడ్డం ఉండడానికి ఆవు, ఆవు మేయకపోవడానికి కాపరి, కాపరి రాకపోవడానికి అవ్వ, అవ్వ అన్నం పెట్టకపోవడానికి పిల్లవాడి ఏడుపు, ఏడుపుకు చీమ – ఇట్లా కారణానికి కారణం వెతుకుతూ వెనక్కి నడిచే కథ అది. ఇవాళ కనిపించే ఫలితానికి మూలం వెనక ఎక్కడో, ఎవరి పనిలోనో ఉందని పసిపిల్లవాడికి నేర్పే కథ. కాలదృష్టికి ఇంతకన్న మంచి పాఠం ఏముంటుంది? అయినా గంటలూ రోజులూ లెక్కపెట్టే పరిశోధకుడు ఈ కథ చెప్పిన పిల్లవాడికి తక్కువ మార్కులు వేస్తాడు. కథలో గడిచే కాలాన్ని నిర్ణయించేది ముందుగా కథాప్రక్రియ. చెప్పేవాడి బుద్ధి ఆ తరువాత. ఏ ఇంట్లో ఏ రకం కథలు చెప్తారో తెలియకుండా వేసిన లెక్క అది.

‘చేస్తాను’ సంగతి

కథలను వదిలి ప్రశ్నావళికి వద్దాం. ఇలాంటి ప్రశ్నావళులలో ఉండే తరహా వాక్యం ఒకటి తీసుకుందాం: ‘నాకిచ్చిన పనిని గడువులోపల పూర్తిచేస్తాను.’ ఈ మాట మీ విషయంలో ఎంతవరకు నిజమో ఒకటి నుంచి అయిదు వరకు అంకె వేయమంటారు. ఆంగ్ల మూలంలో ఇట్టి వాక్యం అలవాటును చెప్తుంది. తెలుగులో ‘పూర్తిచేస్తాను’ అలవాటు కావచ్చు, సంకల్పం కావచ్చు, ఎదుటివారికి ఇచ్చే హామీ కావచ్చు. ‘రోజూ చేస్తాను’, ‘రేపు చేస్తాను’ – రెండింటికీ మనకు ఒకటే క్రియారూపం. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రూపాన్ని భవిష్యత్తు, అలవాటు రెండింటినీ కలిపిన పేరుతోనే వ్యవహరించారు.

పాత భాషలో ఈ తేడా కొంత స్పష్టంగా ఉండేది. చిన్నయసూరి బాలవ్యాకరణం భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మార్థాన్ని కూడా చెప్తుంది. ‘చేసెదను’ అంటే రాబోయే పని; ‘చేయుదును’ అంటే స్వభావంగా, అలవాటుగా జరిగేది. తద్ధర్మం మూడు కాలాలలో ఏ ఒక్కదానికీ కట్టుబడనిది. నేటి వాడుకలో ఈ రెండు పనులనూ ‘చేస్తాను’ ఒక్కటే మోస్తున్నది. వ్యతిరేకార్థంలో చిక్కు ఇంకా ఎక్కువ. ‘చేయను’ అంటే అలవాటు లేదని కావచ్చు, ఇకముందు చేయనని కావచ్చు, చేయమన్నా చేయననే నిరాకరణ కావచ్చు.

ఉపాధ్యాయుడు కాగితం చేతికిచ్చి కూర్చున్నప్పుడు విద్యార్థి ‘పూర్తిచేస్తాను’ అన్న మాటను ఎట్లా చదువుతాడు? హామీగా చదివే అవకాశం ఎక్కువ. గురువుగారు అడిగితే ‘చేస్తానండీ’ అనడం మర్యాద. ఆ మర్యాదకు అయిదు మార్కులు పడతాయి; ఆ అయిదు మార్కులు ‘భవిష్యద్దృష్టి’ ఖాతాలో చేరతాయి. మొహమాటం లేకుండా తన అలవాటును నిజాయితీగా చెప్పిన పిల్లవాడు రెండు వేసుకుని వెనకబడతాడు.

కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ ప్రాంతాల నుంచి బెంగళూరుకు వచ్చే విద్యార్థులలో ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చినవారు చాలామంది. వారికి కన్నడ ప్రశ్నావళి ఇచ్చినా ఈ చిక్కు తీరదు. వాడుక కన్నడంలో ‘మాడుత్తేనె’ కూడా అలవాటుకూ రాబోయే పనికీ కలిపి వాడే రూపమే. ఇక ‘ముందు’ అన్న మాట చూడండి. ‘ముందు చెప్పిన మాట’ గతం. ‘ముందు ముందు తెలుస్తుంది’ భవిష్యత్తు. ‘వెనకటి రోజులు’ గడిచినవి; ‘మీరు నడవండి, నేను వెనక వస్తాను’ అంటే రాబోయేది. ‘ముందు సంగతి ఆలోచిస్తాను’ అన్న వాక్యానికి అంకె వేసిన విద్యార్థి ఏ సంగతికి అంకె వేశాడు?

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. తెలుగులో భవిష్యత్తుకు విడి రూపం లేదు కనుక తెలుగువారికి భవిష్యత్తుపట్ల చూపు తక్కువనో ఎక్కువనో మేము అనడం లేదు. అటువంటి వాదం ఒకటి 2013లో వచ్చింది. వర్తమానాన్నీ భవిష్యత్తునూ వ్యాకరణంలో వేరుచేయని భాషలవారు ఎక్కువ పొదుపు చేస్తారని ఆర్థికశాస్త్రవేత్త కీత్ చెన్ ప్రతిపాదించాడు. 2015లో చెన్ తానే ఇద్దరు భాషా పరిశోధకులతో కలిసి లెక్కను తిరిగి వేశాడు. భాషల మధ్య ఉన్న చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు బలహీనపడింది. వ్యాకరణం నుంచి నేరుగా మనసులోకి దూకడం ప్రమాదం. మా వాదం అంతకన్న చిన్నది: క్రియారూపానికి రెండు మూడు అర్థాలున్నప్పుడు, దానికి వేసిన అంకెకు ఒకే అర్థం ఉందనుకోకూడదు.

ఎవరి మాట మీద నమ్మకం

భాష సంగతి సరిచేసుకున్నా రెండో ప్రశ్న మిగులుతుంది. భవిష్యత్తు కోసం ఆగడం దేనిమీద ఆధారపడుతుంది? స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మిఠాయి ప్రయోగం జగత్ప్రసిద్ధం. ఇప్పుడే తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు. ఆగిన పిల్లలు తరువాతి చదువుల్లోనూ రాణించారని చెప్పుకున్నారు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ ఇంకా పెద్ద బృందంతో పరిశీలించగా ఆ సంబంధం సగానికి తగ్గింది. కుటుంబ నేపథ్యాన్నీ, ఇంటి వాతావరణాన్నీ, పసితనపు తెలివితేటలనూ లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది.

అంతకుముందే, 2013లో, రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన చిన్న ప్రయోగం మాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. వారు మిఠాయికి ముందు పిల్లలకు మంచి రంగులు తెచ్చిస్తామని మాట ఇచ్చారు. కొందరికి తెచ్చిచ్చారు, కొందరికి వట్టి చేతులతో తిరిగివచ్చి, లేవని చెప్పారు. మాట నిలిచిన పిల్లలు మిఠాయి కోసం సగటున 12 నిమిషాలు ఆగారు; మాట తప్పినచోట పిల్లలు 3 నిమిషాలే ఆగారు. రెండు బృందాలలోనూ పిల్లలు ఒకే రకం. మారింది పెద్దల మాట. ఆగకపోవడం అక్కడ తెలివితక్కువతనం కాదు, అనుభవం నేర్పిన తెలివి.

మన సామెతలలో ఈ వివేకం ఉంది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్నది వర్తమానమా, భవిష్యత్తా? రేపటి చీకటిని ఎరిగినవాడే ఇవాళ తొందరపడతాడు. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్నది ప్రశ్నావళి లెక్కలో విధివాదం. చెప్పినవాడి దృష్టిలో అది నమ్మకం. రెంటికీ తేడా అడిగితే తప్ప తెలియదు.

ఒక్క రోజుకు కుదించిన భవిష్యత్తు

భవిష్యద్దృష్టి ఎక్కువైతే చదువు బాగుపడుతుందన్న సూత్రాన్ని మన రాష్ట్రాలే పరీక్షకు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి ఎంసెట్, కర్ణాటకలో 1994 నుంచి సి.ఇ.టి. వచ్చాక పదిహేనేళ్ల పిల్లలు భవిష్యత్తు తప్ప మరొకటి ఎరగకుండా పెరిగారు. కాని ఆ భవిష్యత్తు ఒక రోజు, ఒక ర్యాంకు. 1999లో హస్మన్, లెన్స్ చేసిన విభజన ఇక్కడ పనికివస్తుంది. పాఠంలో నేర్చినదే రేపటి పనికి అవసరమైతే ఆ సాధనత్వం పాఠం లోపలిది. ప్యాసయితే చాలు, నేర్చినది మరచిపోయినా ఫరవాలేదంటే అది బయటిది. మన ప్రవేశపరీక్షల చదువు ఎక్కువగా రెండో రకం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పుల తడకగా వెలువడిన రోజులలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ పిల్లలకు భవిష్యత్తుమీద చూపు తక్కువైందని ఏ ప్రశ్నావళీ చెప్పలేదు. మాట తప్పిన సంస్థ వైపు చూడని కాలదృష్టి పరిశోధన ఈ దుఃఖాన్ని అర్థం చేసుకోలేదు.

మన తరగతికి

ఈ విమర్శ తెలుగు తరగతికీ వర్తిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటక జనాభాలో సుమారు ఆరు శాతం మాతృభాష తెలుగు. అయినా ఇక్కడ తెలుగు చదివే విద్యార్థికి ఆ భాషను తాతముత్తాతల ఆస్తిగా చూపించడమే ఎక్కువ. 2008లో తెలుగుకూ కన్నడానికీ ప్రాచీన హోదా వచ్చింది, సంతోషం. కాని ఆ గౌరవానికి కొలబద్ద గతం. గతం మాత్రమే చూపించి, ఆ పైన మా విద్యార్థులకు భవిష్యద్దృష్టి లేదనడం న్యాయం కాదు.

ఈ విషయంపై పరిశోధనకు పూనుకునే విద్యార్థులకు మూడు సూచనలు. ఒకటి, అనువాదాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూసుకుంటే చాలదు. ‘చేస్తాను’ తిరిగి వెళ్లినా అదే సందిగ్ధంతో వెళ్తుంది. ‘మామూలుగా చేస్తూ ఉంటాను’, ‘ఇకముందు చేయాలనుకుంటున్నాను’ అని విడదీసి రెండు వాక్యాలుగా అడగండి. రెండు, అంకె వేయించుకున్న తరువాత కొందరినైనా కూర్చోబెట్టి, ఆ వాక్యాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో వారి మాటల్లోనే, వారి యాసలోనే రాసుకోండి. మూడు, విద్యార్థి భవిష్యత్తును ఎంత నమ్ముతున్నాడని అడిగే ప్రతి చోటా, అతనికి ఇచ్చిన మాటలలో ఎన్ని నిలిచాయని కూడా అడగండి. ఉపకారవేతనం వేళకు వచ్చిందా, ఉపాధ్యాయుడు ఏడాది పొడుగునా ఉన్నాడా, ఫలితం సరిగా వచ్చిందా.

‘తెలుగు చదివి ఏం చేస్తావు?’ అని మన విద్యార్థులను చుట్టాలూ స్నేహితులూ అడుగుతూనే ఉంటారు. అడిగేవారి మనసులో ఉన్నది భవిష్యత్తు, అంటే ఉద్యోగం. ఆ ప్రశ్న న్యాయమైనదే; జవాబు చెప్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలదీ ప్రభుత్వాలదీ కూడా. అయితే అదే క్రియకు తద్ధర్మార్థం కూడా ఉంది. తెలుగు చదివినవాడు నిత్యం ఏం చేస్తాడు? ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో గమనిస్తాడు, ఎవరో వేసిన అంకెను అడిగి చూస్తాడు, రెండు భాషల మధ్య చిక్కుకున్న పిల్లవాడి జవాబును సరిగా చదువుతాడు. ఈ నైపుణ్యం బెంగళూరు వంటి బహుభాషా నగరంలోని బడులకు ఇవాళే కావాలి.