దినములను ఆచరించుట



డిసెంబరు నెల సమీపించినప్పుడెల్ల మన పల్లె సంఘములలో ఒక వాదము లేచుచున్నది. క్రిస్మసు చేయుమని వేదములో ఎక్కడ నున్నది? దినములను, మాసములను ఆచరించుచున్నారని పౌలు గలతీయులనుగూర్చి దుఃఖపడెను గదా? కాబట్టి పండుగ చేయువాడు అన్యునితో సమానుడని కొందరు బోధించుచున్నారు. ఈ బోధను పరిశీలింతము.

ఇందులో కొంత నిజమున్నది, దానిని దాచరాదు. ప్రభువు పుట్టిన తేదీ సువార్తలలో లేదు. డిసెంబరు 25వ తేదీ 354వ సంవత్సరపు రోమా పంచాంగములో కనబడుచున్నది గాని అపొస్తలుల పత్రికలలో కనబడదు. అయితే ఆజ్ఞ లేనిదంతయు పాపమగునా? ఆలయ ప్రతిష్ఠిత పండుగను మోషే నియమింపలేదు; అది మక్కబీయుల కాలమున ఏర్పడినది. అయినను ఆ పండుగనాళ్లలో ప్రభువు దేవాలయమున సంచరించెనని యోహాను 10వ అధ్యాయము తెలుపుచున్నది. ఆయన ఆ పండుగను ఖండింపలేదు.

ఆ దినము పూర్వము సూర్యునిదను ఆక్షేపణ మరియొకటి. దీనిలో పండితులకే ఏకాభిప్రాయము లేదు. అట్లే అనుకొన్నను, ఆదివారమను పేరులో నున్నది ఆదిత్యుడే గదా! ఆ పేరు విని మనలో ఎవడును సూర్యునికి మ్రొక్కడు; ప్రభువు లేచిన దినమని గుడికి పోవుచున్నాము.

మరి పౌలు గలతీయులను ఏల గద్దించెను? క్రీస్తు చాలడనియు, ధర్మశాస్త్రాచారములు కూడ కావలెననియు వారు తలంచినందుకే. అదే పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయములో, దినమును ఎంచువానిని ఎంచనివానిని ప్రభువునకే అప్పగించి, ఒకరికొకరు తీర్పరులు కావద్దని బోధించెను.

ఈ బోధ మరచిన చోట సంఘము గాయపడినది. 1659లో అమెరికాలోని మసచూసెట్స్ ప్యూరిటనులు క్రిస్మసు చేయువారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించిరి. 1681లో ఆ చట్టమును తీసివేయవలసి వచ్చెను. దీనికి భిన్నమైన మాదిరి రెండవ శతాబ్దములోనే యున్నది. స్ముర్న అధ్యక్షుడైన పొలికార్పు, రోమా అధ్యక్షుడైన అనికేతస్ పస్కా దినమునుగూర్చి ఏకీభవింపలేకపోయిరి. అయినను అనికేతస్ తన సంఘములో ప్రభు రాత్రి భోజనమును ఆచరించు గౌరవమును పొలికార్పునకిచ్చెను. ఇద్దరును సమాధానముతో విడిపోయిరి.

అయితే పండుగ చేయు మనము కూడ తీర్పు తప్పించుకొనలేము. వడ్డీకి అప్పు తెచ్చి క్రొత్త బట్టలు కొనుట, రంగు దీపములకును మైకు సెట్టుకును చందా డబ్బు పోసి ప్రక్క వీధి విధవరాలి ఇంట పొయ్యి రాజుకొన్నదో లేదో చూడకుండుట, ఇది ఎవరి పండుగ? బిడ్డలకు క్రొత్త బట్ట లేదని ఒక కూలి తల్లి ఆ ఉదయము సిగ్గుతో ఇంటనే ఆగిపోయిన యెడల, పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు ఎవరి యొద్ద నుండును? గుడిలోనా, ఆ గుడిసెలోనా? ఏటికి ఒక్క దినము వచ్చి తక్కిన ఆదివారములు మరచువాడు దినమును ఆచరించెనేమో గాని ప్రభువును ఆచరింపలేదు.

కావున సహోదరులారా, పండుగ చేయుడి, అప్పు చేయకుడి. చందాలో మొదటి పాలు బీదలకు తీసి, మిగిలినదానితో గుడి అలంకరించుడి. పాత బట్టతో వచ్చినవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. పండుగ చేయని సహోదరుడు మీ వీధిలో నున్న యెడల అతనిని నిందింపకుడి. ఆదివారమున అతని ప్రక్కనే కూర్చుండి ఒకే రొట్టెలో పాలు పొందుడి.