పలకమీది ఇరవైయారు

52లో నుండి 38 తీసివేయగా 26 మిగులునని పలకమీద వ్రాసి, ఒక్కొక్క అంకెను చూపుడువ్రేలితో తాకి మరల సరిచూచుకొని, ఏమాత్రమును బెదరక నా యెదుట నిలిచినది నాల్గవ తరగతి పిల్ల యొకతె. తప్పని కొట్టివేయుటకు ఎత్తిన నా చేయి ఎందుచేతనో ఆగినది.

"ఎలా వచ్చిందమ్మా?" అని అడిగితిని.

"ఎనిమిదిలో రెండు పోతే ఆరు, అయిదులో మూడు పోతే రెండు గదా మాస్టారూ!"

పెద్దదానిలో నుండియే చిన్నదానిని తీయవలెనని ఎవరో చెప్పిన మాటను ఆ బిడ్డ ధర్మశాస్త్రమువలె పాటించినది. కొరవడినది శ్రద్ధ కాదు, పదులస్థానము నుండి ఒక పదిని అరువు తెచ్చుకొను విద్య. తప్పుజవాబు ఏ త్రోవను నడచివచ్చినదో కనుగొనుటయే నా వృత్తిలోని మర్మమని నాడు తెలిసినది. తెలిసి మాత్రమేమి? యాభైమంది కూర్చున్న గదిలో దినమునకు ఇద్దరు ముగ్గురి త్రోవలకు మించి వెదకలేకపోతిని.

తరగతిగదిలోని యంత్రములపై పండితులు సాగించిన పరిశోధనలను చదువునప్పుడెల్ల నాకు ఆ పలకయే స్ఫురించును. 2000లో గుజరాత్ ప్రభుత్వము వడోదర పురపాలక పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్లను ఇచ్చినది. రెండేండ్లకు విద్యారంగమున పనిచేయు ప్రథమ్ అను స్వచ్ఛందసంస్థవారు విచారింపగా, వానిని పిల్లలు తాకిన బడులు బహుస్వల్పమని తేలినది. ఆ యంత్రములయెదుటనే పిల్లలను ఇద్దరేసిగా కూర్చుండబెట్టి వారమునకు రెండుగంటలు లెక్కల ఆటలాడింపగా గణితమున 0.47 ప్రామాణిక విచలనముల (పిల్లల మార్కుల మధ్య వ్యత్యాసమును కొలుచు ప్రమాణము) వృద్ధి కనిపించినదనియు, ఆటలు నిలిచిన యేడాదికి అది 0.10కి కరగిపోయినదనియు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు 2007లో ప్రకటించిరి. అదే రాష్ట్రమున జ్ఞానశాల అను సంస్థ నడపు బడులలో లీ లిండెన్ అను పరిశోధకుడు చూచినది మరింత చిత్రము: బడివేళ దాటిన పిమ్మట అదనముగా వాడినప్పుడు మేలుచేసిన యంత్రమే, పంతులు పాఠము చెప్పవలసిన వేళను ఆక్రమించినప్పుడు పిల్లల చదువును వెనుకకు లాగినది. పంతులును గనుక ఈ మాట నాకు కొంత సంతోషము కలిగించినదని దాచనేల?

అయితే నా సంతోషమును తగ్గించిన పరిశోధన ఢిల్లీలో జరిగినది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనువారు 619 మంది బాలబాలికలను తీసికొని, లాటరీలో పేరు వచ్చినవారిని బడి విడిచిన తరువాత మైండ్‌స్పార్క్ అను కంప్యూటరుబోధన కేంద్రములకు ఉచితముగా పంపిరి. అచ్చట నలుబదియైదు నిముషములు కంప్యూటరుతో, మరి నలుబదియైదు నిముషములు చిన్నగుంపులో సహాయకునితో చదువు సాగినది. ఆరవ తరగతి విద్యార్థి గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడియున్నాడని మొదటనే తేలినది. ఆ యంత్రము పాఠ్యపుస్తకము చెప్పిన చోట కాక, పిల్లవాడు ఆగిపోయిన చోటనే ప్రశ్నను ఆరంభించి, అతడు చేయు తప్పుల తీరును బట్టి తరువాతి ప్రశ్నను ఎన్నుకొనెను. నేను దినమునకు ఇద్దరి ముగ్గురికి చేయగలిగిన పనిని అది ప్రతివానికిని చేసినది. నాలుగున్నర నెలలలో గణితమున 0.37 ప్రామాణిక విచలనముల వృద్ధి కలిగెనని 2019లో ప్రకటించిరి.

ఇంతచేసియు, బడివారు పెట్టిన గణితపరీక్షలో మాత్రము ఆ పిల్లలకు మార్కులు పెరుగలేదు. మూడవమెట్టు నుండి నాల్గవమెట్టెక్కినవానిని ఆరవమెట్టుమీద ఏమి కనబడుచున్నదని అడిగినచో వాడేమి చెప్పగలడు? ఇందులో నేరము ఆ ప్రశ్నపత్రమునదే యందును. అట్టి ప్రశ్నపత్రములను నేనును ఏండ్లకొలది కూర్చితిని.

పలకమీద ఇరవైయారు వ్రాసిన మరునాడు ఆ పిల్లయెదుట పదేసి చీపురుపుల్లల కట్టలు అయిదును, విడిపుల్లలు రెండును ఉంచితిని. ఒక కట్ట విప్పి, పండ్రెండు విడిపుల్లలలో ఎనిమిది తీసి ప్రక్కన పెట్టి, మిగిలిన నాలుగు కట్టలలో మూడు జరిపి, 14 అని వ్రాసినది. పిమ్మట తల యెత్తి, "అరువు తెచ్చుకున్నాం గదా మాస్టారూ, మళ్ళీ ఎప్పుడు తిరిగి ఇవ్వాలి?" అనినది.

నాటినుండి తీసివేతలో అరువు అను మాటను మాని, కట్ట విప్పుట అనియే చెప్పుచు వచ్చితిని.