అంచున మిగిలిన రాత

రెయిడ్ అమరికలో పనిచేసి వచ్చిన ఎస్‌ఎస్‌డీని మరో కంప్యూటర్‌కు తగిలించి ఫార్మాట్ చేయడం నిమిషంలో ముగిసే పనిగా కనిపిస్తుంది గాని, ఆ నిమిషంలో చెరిగేది ఏమిటో, చెరగక మిగిలేది ఏమిటో తెలియకుండా చేసిన ఫార్మాట్ ఆ డ్రైవును ఇకమీదట వాడబోయేవారికీ, అంతకుముందు అందులో తమ సమాచారం దాచుకున్నవారికీ అన్యాయమే చేస్తుంది.

1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రచురించిన పరిశోధన పత్రంతో స్థిరపడిన రెయిడ్ అన్న పేరుకు, చవకైన డిస్కులు కొన్నింటిని జట్టుగా కట్టి, వాటిలో ఒకటి చెడినా మిగిలినవాటి నుంచి సమాచారాన్ని రాబట్టుకునే ఏర్పాటు అని అర్థం. ఆ జట్టు నిలవాలంటే తనది ఏ జట్టో, అందులో తన స్థానం ఎన్నోదో ప్రతి డ్రైవూ తనలోనే రాసి ఉంచుకోవాలి. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో సూపర్‌బ్లాక్ అని పిలిచే ఈ రాత 1.2 రూపంలో డ్రైవు మొదటి నుంచి 4 కిలోబైట్ల దూరాన, 1.0 రూపంలో చివరి అంచున ఉంటుంది. హార్డ్‌వేర్ కంట్రోలర్లలో కూడా పెక్కు చివరి భాగాన్నే వాడుకుంటాయి. త్వరిత ఫార్మాట్ ఆ అంచు దాకా పోదు గనుక, విడిపోయిన డ్రైవు ఇంకా పాత జట్టు సభ్యురాలిగానే కనిపించి కొత్త యంత్రాన్ని తికమక పెడుతుంది. అందుచేత ముందు జట్టును ఆపి, ఆ రాతను దానికోసమే ఉన్న ఆదేశంతో చెరపాలి.

పెద్ద నిల్వ వ్యవస్థల నుంచి వచ్చిన కొన్ని డ్రైవుల్లో మరో చిక్కు ఉంటుంది. సమాచారాన్ని కొలిచే కనీస గడి అయిన సెక్టార్ సాధారణంగా 512 బైట్లు కాగా, ఈ డ్రైవుల్లో తప్పులు పట్టుకునే 8 బైట్లు అదనంగా చేరి 520 అవుతుంది. ఆ పరిమాణాన్ని ముందుగా మార్చకపోతే మామూలు కంప్యూటర్ ఆ డ్రైవును వాడుకోలేదు.

అన్నిటికన్నా లోతైన చిక్కు ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ మెమరీ స్వభావంలోనే ఉంది. హార్డ్ డిస్క్ పలక వంటిది, పాత అక్షరం ఉన్నచోటే కొత్తది రాయవచ్చు. ఎస్‌ఎస్‌డీ తాటాకుల కట్ట వంటిది, మార్పు కావలసినప్పుడు మరో ఆకు మీద రాసి, పాత ఆకును పనికిరానిదిగా గుర్తుపెట్టి, వీలు చిక్కినప్పుడు తీసివేస్తుంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు డ్రైవు మొత్తాన్ని తిరగరాసినా పాత సమాచారం మిగిలే సందర్భాలున్నాయనీ, కొన్ని డ్రైవుల్లో చెరిపివేత ఆదేశం సైతం సరిగా పనిచేయలేదనీ చూపారు. జట్టు నుంచి విడిపోయిన ఒక్క డ్రైవులో చదవదగినది ఏమీ ఉండదన్న నమ్మకం కూడా నిలవదు. ప్రతిబింబ రెయిడ్‌లో ప్రతి డ్రైవూ సంపూర్ణ నకలే, ముక్కలుగా పంచే రెయిడ్‌లో సైతం లినక్స్ సాధారణంగా ఎంచే ముక్క 512 కిలోబైట్లు, అంటే ఒక మనిషి రాసుకున్న ఉత్తరం మొత్తం అందులో ఇమిడిపోతుంది.

కాబట్టి డ్రైవును రెయిడ్ కంట్రోలర్ చాటు నుంచి తప్పించి నేరుగా మదర్‌బోర్డుకు కలిపి, సాటా అయితే సెక్యూర్ ఎరేజ్‌ను, ఎన్‌వీఎంఈ అయితే శానిటైజ్ ఆదేశాన్ని ఇచ్చి, చెరిపే పనిని డ్రైవుకే అప్పగించడం సరైన మార్గం. దీనివల్ల మరో మేలు కూడా ఉంది. అక్కర తీరిన గడులను డ్రైవుకు తెలిపే ట్రిమ్ ఆదేశాన్ని చాలా కంట్రోలర్లు లోపలికి పోనివ్వవు గనుక ఖాళీ చోటును సైతం నిండినట్టే భావిస్తూ నెమ్మదించిన డ్రైవు, ఈ చెరిపివేతతో రాసే వేగాన్ని చాలావరకు తిరిగి పొందుతుంది.

ఆపైన మొదటి నుంచి చివరి అంచు దాకా చదివి పాత గుర్తులేవీ లేవని నిర్ధారించుకుని, ఎంత అరిగిందో డ్రైవు తానే నమోదు చేసుకున్న లెక్కను చూసి, ఆ లెక్కను తీసుకునేవారికి దాచకుండా చెప్పిన తర్వాతే కొత్త ఫైల్ సిస్టమ్ రాయాలి. ఫార్మాట్ ఈ వరుసలో చిట్టచివరి పని.